ఇంట్లోనే లైఫ్ సర్టిఫికెట్: ముఖం కన్నా ముందు పీపీవో చూసుకోండి

బ్యాంకులో పెన్షన్ కౌంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, నవంబరు వస్తే మా అపార్ట్‌మెంట్‌ పెద్దవాళ్ళంతా, పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం ఫోన్లు పట్టుకుని మా ఇంటికే వస్తారు. అందరికీ ముఖం స్కాన్ గురించే టెన్షన్. నిజానికి అది తేలిక. పేచీ అంతా పెన్షన్ వివరాల దగ్గరే.

ముందు గడువు చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరు నెల, 80 దాటినవాళ్ళకు అక్టోబరు 1 నుంచే. ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పెన్షన్) పెన్షనర్లు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్ల లెక్క వేరు, మీ ట్రెజరీలో అడగండి.

ఆధార్, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాగితం, పెన్షన్ పడే పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో 'ఆధార్ ఫేస్ ఆర్‌డీ', 'జీవన్ ప్రమాణ్' యాప్‌లు రెండూ ఉండాలి. మొదట ఆపరేటర్ రిజిస్ట్రేషన్ అడుగుతుంది. ఆ పేరు చూసి కంగారు పడొద్దు, ఫోన్ పట్టుకున్న మనవడే ఆపరేటర్. పెన్షనర్ తానే చేసుకున్నా పర్వాలేదు.

తర్వాత పెన్షనర్ వివరాలు. పెన్షన్ మంజూరు చేసింది ఎవరు, చెల్లిస్తున్నది ఎవరు అన్న రెండు గళ్ళ దగ్గర మాత్రం నిదానించండి. రైల్వేలో చేసినాయన పెన్షన్ స్టేట్ బ్యాంకులో పడుతుంటే మంజూరు చేసింది రైల్వే, చెల్లించేది బ్యాంకు. ఇవి తారుమారైతే సర్టిఫికెట్ తయారవుతుంది గానీ పెన్షన్ ఇచ్చేవాళ్ళు తిరస్కరిస్తారు, పెన్షన్ ఆగాక గానీ మనకు తెలీదు. సొంత పెన్షన్‌తో పాటు భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ కూడా తీసుకునేవాళ్ళు రెండు పీపీవోలకూ విడివిడిగా చెయ్యాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

ఇక ముఖం. కళ్ళజోడు తీసి, వెలుతురు ఎదురుగా ఉండేలా కిటికీ వైపు తిరిగి కూర్చోవాలి. రెప్పలు ఆర్పమంటే మా కింది ఫ్లోర్ మామ్మగారు దణ్ణం పెట్టుకునేటప్పటిలా గట్టిగా మూసేసుకుంటారు! "మామూలుగా ఆర్పండి మామ్మగారూ, ఫొటో కాదు" అంటే నవ్వేస్తారు, ఆ నవ్వులోనే రెప్ప పడి పని అయిపోతుంది.

ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికెట్ నంబరు, మెసేజ్‌లో వస్తుంది. పీడీఎఫ్ దింపుకుని, కొన్నాళ్ళాగి అంగీకరించారో లేదో జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌లో చూడండి. మంచం దిగలేనివాళ్ళుంటే పోస్టాఫీసులో చెప్పండి, పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తాడు. ఫీజు ఎంతో ముందే కనుక్కోండి.

"లైఫ్ సర్టిఫికెట్ మేమే చేసేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం మారుమాట లేకుండా పెట్టేయండి.