యుద్ధకాలం సీరియళ్లలో కరెంటు సామాను ఆ కాలానిదేనా? ఇలా కనిపెట్టండి

రెండో ప్రపంచ యుద్ధం కథతో తీసిన సీరియళ్లలో యూనిఫారాల మీద పెట్టే శ్రద్ధ గోడ మీది స్విచ్చుల మీద పెట్టరు. చూడ్డానికి పాతగా ఉంటే చాలనుకుని 1955 నాటి రేడియోను 1941 నాటి గదిలో పెట్టేస్తారు. ఆ గదిలో నిజంగా బతికినవాళ్ల జీవితానికి అది అన్యాయమని నా అభిప్రాయం. కాస్త అలవాటైతే ఇలాంటివి ఎవరైనా పట్టుకోవచ్చు.

ముందు ఏడాది, ఊరు రాసుకోండి

సీను లండన్‌లోనా, బెర్లిన్‌లోనా, మద్రాసులోనా? ఏ ఏడాది? 1943 నాటి ఇంట్లో 1930 నాటి సామాను ఉండొచ్చు. యుద్ధంలో కొత్తవి దొరకడమే కష్టం కాబట్టి ఉండటమే సహజం. ఆ తర్వాత వచ్చినవి మాత్రం ఉండకూడదు. బీబీసీ టీవీ ప్రసారాలు 1939 సెప్టెంబరు 1న ఆగిపోయి, 1946 జూన్ 7న మళ్లీ మొదలయ్యాయి. 1942లో లండన్ కుటుంబం టీవీ చూస్తోందంటే ఇక వేరే తప్పు వెతకక్కర్లేదు.

ప్లగ్గు దగ్గర ఆపండి

ఇక్కడ మనకు ఒక సౌకర్యం ఉంది. మన ఇళ్లలోని గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు బ్రిటిష్‌వాళ్ల పాత పద్ధతి నుంచి వచ్చిందే. కువైట్ నుంచి మనవాళ్లు తెచ్చే ఛార్జర్లకు ఉండే పలక పిన్నుల ప్లగ్గు బ్రిటన్‌లో 1947లో వచ్చింది. కాబట్టి యుద్ధకాలం లండన్ ఇంట్లో పలక పిన్నులు కనిపిస్తే తప్పే. అలాగని మన తెల్ల ప్లాస్టిక్ సాకెట్టు పెట్టినా కుదరదు. అప్పటివి గోధుమరంగు లేదా నల్ల బేకలైట్‌వి (తొలినాళ్ల గట్టి ప్లాస్టిక్), లేదా పింగాణీవి.

గోడ, వైర్లు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో పాత ఇల్లు ఏదైనా మిగిలి ఉంటే, ఇంటివాళ్లను అడిగి స్విచ్చుబోర్డు చూడండి. గుండ్రటి చెక్కబిళ్ల, దాని మీద బుడిపె ఉన్న నల్ల స్విచ్చు, చెక్కపట్టీ మీద క్లిప్పులతో బిగించిన వైరు దొరికితే కంటికి అంతకంటే మంచి పాఠం లేదు. టేబుల్ ల్యాంపు వైరుకు రబ్బరు మీద నూలు అల్లిక ఉండాలి. గోధుమరంగు, నీలం, ఆకుపచ్చ-పసుపు చారల వైర్లు బ్రిటన్‌లో 1970 ప్రాంతంలో వచ్చినవి.

రేడియోను మాత్రం తీరిగ్గా చూడండి

ఎక్కువ తప్పులు ఇక్కడే దొరుకుతాయి. అప్పటి రేడియోల్లో వాల్వులనే గాజు గొట్టాలు ఉండేవి. అలాంటి వాల్వు రేడియో నాబ్ తిప్పగానే మాట్లాడదు. వాల్వులు వేడెక్కాలి. ముందు సన్నగా గుర్రుమంటుంది, ఆ తర్వాత గొంతు మెల్లగా పైకొస్తుంది, అరనిమిషం దాకా పట్టొచ్చు. మధ్యలో సీను కట్ అయితే వదిలేయొచ్చు. ఒకే షాటులో నాబ్ తిప్పిన వెంటనే చర్చిల్ గొంతు ఖంగుమని వినిపిస్తే నమ్మకండి.

తర్వాత వీడియో ఆపి డయల్ చదవండి. బ్రిటిష్ సెట్టులో మీటర్లు, కిలోసైకిల్స్ (ఇప్పటి కిలోహెర్ట్జ్) ఉండాలి. వీహెచ్ఎఫ్ (మనం ఎఫ్ఎం అనేది) బ్యాండు ఉందంటే అది యుద్ధం తర్వాతి సెట్టు. బీబీసీ ఆ ప్రసారాలు మొదలుపెట్టింది 1955లో. ట్రాన్సిస్టర్ కనిపెట్టిందే 1947లో, దాంతో చేసిన రేడియో అంగళ్లకు వచ్చింది 1954లో. డయల్ పక్కన పచ్చగా వెలిగే కన్ను లాంటి దీపాన్ని చూసి చాలామంది కొత్తదనుకుంటారు. ఆ మ్యాజిక్ ఐ వాల్వు 1935 నుంచే ఉంది, దాన్ని తప్పు పట్టకండి.

కథ మన చిత్తూరులోనే, 1942లో జరిగితే చెవులు కూడా రిక్కించాలి. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో. 1942లో ఎవరైనా విజయవాడ వార్తలు వింటుంటే ఆ మాటలు రాసినవాళ్లు చూసుకోలేదన్నమాట. ఇక కరెంటు లేని పల్లెలో రేడియో మోగాలంటే పక్కన పెద్ద బ్యాటరీ కనిపించాలి.

ఫోను, బల్బు

బ్రిటిష్ ఆఫీసులో 1937 నాటి 300 సిరీస్ నల్ల ఫోను సరిపోతుంది, 1959లో వచ్చిన 700 సిరీస్ సరిపోదు. జర్మన్ సీన్లలో తరచూ కనిపించే డబ్ల్యూ48 ఫోను 1948 నాటిది. దానికి ముందు వచ్చిన డబ్ల్యూ38 దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి క్లోజప్ లేకుండా తేల్చకండి. బల్బు అయితే లండన్‌లో, మద్రాసులో హోల్డరులో నొక్కి తిప్పే రెండు పిన్నులది, బెర్లిన్‌లో స్క్రూలాగా తిప్పి బిగించేది.