రొయ్యల ఆఫీసులో స్టాఫ్‌కి ఎక్సెల్ నేర్పించాలంటే పట్టుబడి షీటుతోనే మొదలెట్టండి

మా భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల ఆఫీసుల్లో కుర్రాళ్ళకి కంప్యూటర్ ట్రైనింగ్ ఇప్పిద్దామనుకునేవాళ్ళు ముందే డబ్బులు పోసి కోర్సు కొనకండి. నేను మొదట్లో ఎవరిదో శాంపిల్ ఫైలు పెట్టి నేర్పానండి, అందరూ తలూపారు, మర్నాడు చూస్తే మళ్ళీ కాలిక్యులేటరే. అదే మా సొంత పట్టుబడి షీటు, అంటే చెరువుల్లో పట్టిన రొయ్యల లెక్కలు రాసుకునే షీటు, ముందు పెట్టాక ఒక్కొక్కళ్ళే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

తేదీ, చెరువు, రైతు, కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలు), కేజీలు, రేటు, ఇలా కాలమ్స్ పెట్టించండి, ఒక్కో లోడుకి ఒక్కో వరస, మధ్యలో ఖాళీ వరసలు గానీ మెర్జ్ చేసిన గళ్ళు గానీ ఉండకూడదు. తర్వాత కంట్రోల్ టి కొట్టి టేబుల్ చేసేయండి.

ఇక తేదీల దగ్గర ఒక పూట ఆగండి, ఎందుకంటే సగం తప్పులు ఇక్కడే. మావాళ్ళు 12.08.24 అని చుక్కలు పెట్టి కొడతారు, చూడ్డానికి తేదీలాగే ఉంటుంది కానీ గడిలో ఎడమ పక్కకి అతుక్కుని ఉందంటే ఎక్సెల్ దాన్ని మామూలు అక్షరాలు అనుకుంటోందన్నమాట, తేదీగా తీసుకుంటే కుడి పక్కకి వెళ్తుంది. ఆ కాలమ్ సెలెక్ట్ చేసి డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి మూడో స్టెప్పులో డేట్, డీఎంవై (రోజు, నెల, సంవత్సరం వరస) పెట్టి ఫినిష్ నొక్కితే సరి. సిస్టంలో రీజియన్ ఇండియా అని ఉందో లేదో కూడా చూడండి, అమెరికా అని ఉంటే 5/8 అని కొట్టిన ఆగస్టు 5 కాస్తా మే 8 అయిపోతుంది.

రైతు పేరు ఒక్కొక్కళ్ళు ఒక్కో స్పెల్లింగ్ కొడతారు కాబట్టి చెరువుకో కోడ్ ఇచ్చేయండి. ఆ కోడ్‌తో పేరు లాగడానికి ఎక్స్‌లుకప్ హాయిగా ఉంటుంది కానీ అది ఎక్సెల్ 2021, ఆ తర్వాతి వెర్షన్లలోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంటుంది, 2019, అంతకంటే పాతవైతే వీలుకప్ నేర్పండి, సరిగ్గా అదే కోడ్ దొరికితేనే పేరు తెచ్చేలా చివర్లో ఫాల్స్ అని పెట్టడం మర్చిపోనివ్వద్దు.

పివట్, అంటే వరసలన్నిటినీ గుంపులుగా కూడి చూపించే పట్టిక, నేర్పేటప్పుడు మాత్రం ఈ లెక్క చేతితో వేయించండి. ఒక లోడు 40 కౌంటు 2000 కేజీలు, ఇంకోటి 80 కౌంటు 200 కేజీలు, పివట్‌లో యావరేజ్ పెడితే 60 అంటుంది, కానీ కౌంటు అంటే కేజీకి ఎన్ని రొయ్యలు అనే కదా, మొత్తం 96,000 రొయ్యల్ని 2200 కేజీలతో భాగిస్తే 43.6 వస్తుంది. రేటు కౌంటుని బట్టే కాబట్టి ఈ తేడా ఎంత పెద్దదో మావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైపోయింది. కౌంటు ఇంటూ కేజీలు అని ఒక కాలమ్ వేయించండి, ఆ మొత్తాన్ని కేజీల మొత్తంతో భాగించడమే.

ఇంత చేతికొచ్చాక అప్పుడు బయట పాఠాలు. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్‌లో లిబ్రేఆఫీస్ క్యాల్క్ (ఎక్సెల్ లాంటిదే, ఉచితం) పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి, డబ్బులు అక్కర్లేదు, వీడియో ఒక పక్క, ఫైలు ఒక పక్క పెట్టుకుని చేసుకుంటూ పోవచ్చు. ఇంగ్లిష్ పర్లేదనుకునేవాళ్ళకి మైక్రోసాఫ్ట్ లెర్న్ ఫ్రీ. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల సైటు స్వయంలో ఐఐటీల వాళ్ళ ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చదవడం ఉచితమే, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి.

వ్యాన్లు లోడై వెళ్ళిపోయాక ఒక 40 నిమిషాలు చాలండి, ఎప్పుడూ ఫైలు కాపీ మీదే చేయించండి, నేర్పేవాళ్ళు మౌస్ ముట్టుకోకూడదు, ఎంత లేటయినా నేర్చుకునేవాళ్ళ చేత్తోనే నొక్కించాలి.