నడుస్తున్న హోటల్‌లో కర్బన ఉద్గారాలు తగ్గించడం: 3వ పాఠం – వేడి నీళ్లు

పోయిన పాఠంలో ఏడాది కరెంటు, డీజిల్ బిల్లులు పట్టికగా వేసుకున్నాం కదా, దాన్ని దగ్గర పెట్టుకోండి. ఈసారి వేడి నీళ్ల సంగతి చూద్దాం. తిరుపతిలో 50 గదుల హోటల్ అనుకుందాం. దర్శనానికి వెళ్లేవాళ్లు తెల్లవారుజామున మూడింటికే లేస్తారు. దాదాపు అన్ని గదుల్లో ఒకేసారి స్నానాలు మొదలవుతాయి.

ముందు లెక్క. వెయ్యి లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి వేడి చేయడానికి సుమారు 41 యూనిట్ల శక్తి పడుతుంది. గీజర్ అయితే కనీసం అంత కరెంటూ లాగుతుంది. మన గ్రిడ్ కరెంటుకి యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే 29 కిలోలు. 80 శాతం సామర్థ్యమున్న డీజిల్ బాయిలర్‌కి 5 లీటర్లు పడుతుంది, 14 కిలోలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. డీజిల్ తీసేసి గీజర్లు పెడితే హోటల్లో పొగ పోతుంది గానీ ఉద్గారం రెట్టింపవుతుంది!

హీట్ పంప్ దారి వేరు. ఏసీ గదిలో వేడిని బయటికి నెట్టినట్టే, ఇది బయటి గాలిలో వేడిని లాగి నీళ్లలోకి నెడుతుంది. ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి ఇచ్చే మెషిన్ అయితే 14 యూనిట్లు, 10 కిలోలతో పని అయిపోతుంది. అది వదిలే చల్లగాలిని లాండ్రీ వైపు తిప్పితే అక్కడ పనిచేసేవాళ్లకి ఎంత హాయో.

అలాగని వెంటనే కొటేషన్ అడగకండి. ఒకచోట నేను పాత వాడకాన్ని మాత్రమే చూసి మెషిన్ సైజు చెప్పాను. తర్వాత షవర్లు మారిస్తే వాడకం బాగా తగ్గిపోయింది. అంత పెద్ద మెషిన్‌కి ఆ యజమాని పెట్టిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ముందు నీళ్లు కొలవండి. షవర్ కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైమ్ చూడండి. నిమిషానికే నిండిందా? నిమిషానికి 8 లీటర్లే వదిలే షవర్ హెడ్ పెడితే నీళ్ల వాడకం దాదాపు సగమవుతుంది. తర్వాత పైపుల డక్ట్ (అంతస్తుల గుండా పైపులు వెళ్లే సందు) తలుపు తీసి, వేడి నీళ్ల పైపు దగ్గరికి చెయ్యి పెట్టండి. సెగ తగిలిందంటే ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా పైపుకి చుట్టే తొడుగు) లేదు, లేదా ఊడిపోయింది. అతిథులు నిద్రపోతున్నా ఆ వేడి రాత్రంతా డక్ట్‌లోకి పోతూనే ఉంటుంది.

కరెంటు ఆదా అని ట్యాంకు వేడిని మాత్రం 60 కంటే తగ్గించకండి. గోరువెచ్చని నీళ్లలో లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, అది న్యుమోనియా తెస్తుంది.

ఈ షవర్లు, పైపుల పని రోజుకో అంతస్తు చొప్పున, గదులు ఖాళీ అయ్యే మధ్యాహ్నం పూట చేయించండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ముట్టుకోవద్దు. కొత్త మెషిన్ ఒక ఏడాది నిలకడగా నడిచేదాకా పాత బాయిలర్‌ని పీకకండి.

ఈ వారం అభ్యాసం: అంతస్తుకి రెండు గదుల్లో బకెట్ పరీక్ష చేయండి. పై అంతస్తు చివరి గదిలో కుళాయి తిప్పాక వేడి నీళ్లు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాయండి. నాలుగో పాఠంలో ట్యాంకు సైజు ఆ అంకెలతోనే లెక్క కడతాం.