భూమికి దగ్గరగా వచ్చే గ్రహశకలాన్ని మన డాబా మీద నుంచి ఫొటో తీయడం ఎలా?

2029 ఏప్రిల్ 14 తెల్లవారుజామున, మన టైం ప్రకారం మూడుంబావు ప్రాంతంలో, అపోఫిస్ అనే గ్రహశకలం భూమి పక్కనుంచి దూసుకుపోతుంది. దూరం 32 వేల కిలోమీటర్లే. మన టీవీ ఛానళ్లను మోసే ఉపగ్రహాలే 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఢీకొంటుందన్న భయం అక్కర్లేదు, శాస్త్రవేత్తలు లెక్కగట్టి తేల్చేశారు. అయితే ఆ రాత్రికి చెయ్యి తిరిగి ఉండాలంటే ఇప్పటినుంచే మొదలుపెట్టాలి. అపోఫిస్ ఒక్కటే కాదు, చిన్న టెలిస్కోప్‌కి అందేవి ఏటా కొన్ని వస్తూనే ఉంటాయి.

ముందు సామాను. నక్షత్రాల కదలికను అనుసరిస్తూ తిరిగే (ట్రాకింగ్ ఉన్న) స్టాండు, అంటే మౌంట్, 400 నుంచి 800 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న టెలిస్కోప్, ఒక కెమెరా ఉంటే చాలు. ఈ పనిలో టెలిస్కోప్ సైజు కన్నా గడియారం, స్థలం ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఎందుకో కిందికి వెళ్లే కొద్దీ తెలుస్తుంది.

మౌంట్ సరిగ్గా తిరగాలంటే దాని ఇరుసును ధ్రువ నక్షత్రం దగ్గరుండే ఆకాశ ధ్రువం వైపు గురిపెట్టాలి. విజయవాడలో ధ్రువ నక్షత్రం పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, దిగంతం నుంచి ఒకటిన్నర పిడికిళ్ల కన్నా కాస్త పైన. పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డమొస్తే ఇక కనపడదు. అలాంటప్పుడు నినా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. ఆకాశంలో మూడు చోట్ల ఫొటో తీసి, ధ్రువం ఎక్కడుందో అదే లెక్కగట్టే ప్లగిన్ అందులో ఉంది.

ఎండాకాలం శ్లాబు తాగిన వేడి అర్ధరాత్రి దాకా వదలదు. ఆ వేడిగాలికి నక్షత్రాలు ఉబ్బి కనిపిస్తాయి. పడకలేసుకునే ముందు డాబా మీద నీళ్లు చల్లడం మనకు అలవాటే. టెలిస్కోప్ పెట్టే ముందూ అదే చేయండి, తేడా తెలుస్తుంది. డిసెంబరు, జనవరిలో కృష్ణ ఒడ్డున మంచు సమస్య. లెన్స్‌ను వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ పట్టీ చుట్టూ కట్టకపోతే గంటలో అద్దం మసకబారుతుంది. గుంటూరు వాళ్లకు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ ఉంది. సముద్రం వైపు ఊళ్ల వెలుతురు ఉండదు. ఉప్పుగాలి మాత్రం పరికరాలకు మంచిది కాదు, ఇంటికొచ్చాక శుభ్రంగా తుడవాలి.

ఏ శకలాన్ని తీయాలి?

మొదట వెస్టాతో సాధన చేయండి. అది కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే పెద్ద శకలం. భూమికి ఎదురుగా వచ్చినప్పుడు బైనాక్యులర్స్‌కే దొరుకుతుంది. రెండు రాత్రులు వరసగా తీస్తే ఏ చుక్క జరిగిందో చూడగానే తెలుస్తుంది.

తర్వాత అసలైనవి. నాసా జెపిఎల్ వెబ్‌సైట్‌లో భూమికి దగ్గరగా రాబోయే వాటి పట్టిక ఉంటుంది. చాలావరకు మనకందనంత మసకవి. మనకు కనిపించే వెలుగును చెప్పే సంఖ్య, అంటే మాగ్నిట్యూడ్ (పట్టికలోని H కాదు), 14 లోపు ఉన్నవి ఎంచుకోండి. ఆ సంఖ్య ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ.

అదే సంస్థ నడిపే, శకలాల స్థానాలు లెక్కగట్టి ఇచ్చే హొరైజన్స్ వెబ్‌సైట్‌లో మీ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, ఐదు నిమిషాలకోసారి స్థానం చూపమని అడగాలి. విజయవాడైతే సుమారు 16.5 ఉత్తరం, 80.6 తూర్పు. భూమి కేంద్రం నుంచి కనిపించే స్థానాన్ని నమ్ముకుంటే కుదరదు. శకలం చంద్రుడంత దూరంలో ఉన్నప్పుడు మన డాబా నుంచి చూసే స్థానానికీ, ఆ లెక్కకీ ఒక డిగ్రీ దాకా తేడా రావచ్చు. అంటే రెండు నిండు చందమామలంత. కెమెరా ఫ్రేములో శకలమే ఉండకపోవచ్చు.

పట్టికలో టైం యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైంలో ఉంటుంది. మన టైంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. తేదీ దగ్గరే చాలామంది తడబడతారు: మనకు 14వ తేదీ రాత్రి ఒంటిగంట అంటే అక్కడ 13వ తేదీ 19:30.

ఎక్స్‌పోజర్ లెక్క

ఒక్కో ఫొటోకి ఎంతసేపు వెలుతురు పట్టాలన్నదే ఎక్స్‌పోజర్. ఒక్కో పిక్సెల్‌లో ఎంత ఆకాశం పడుతుందో ముందు చూద్దాం: 206ని కెమెరా పిక్సెల్ సైజుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 3.76 మైక్రాన్ల పిక్సెల్, 600 మిల్లీమీటర్ల టెలిస్కోప్ అయితే ఒక్కో పిక్సెల్ 1.3 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). డాబా మీద నక్షత్రం సుమారు 4 ఆర్క్ సెకన్ల వెడల్పుతో, అంటే మూడు పిక్సెళ్ల మేర పడుతుందనుకుందాం. శకలం నిమిషానికి 10 ఆర్క్ సెకన్లు జరుగుతుంటే, ఆ వెడల్పు దాటడానికి 24 సెకన్లు పడుతుంది. కాబట్టి 20 సెకన్లు మించకుండా తీయాలి. ఎక్కువసేపు తీస్తే గీత పడుతుంది. గీత చూడ్డానికి అందంగానే ఉంటుంది గానీ శకలం స్థానం కొలవడానికి చుక్కే మేలు.

అలా 60 ఫ్రేములు తీయండి. తీసే ముందు ల్యాప్‌టాప్ గడియారాన్ని ఇంటర్నెట్ టైంతో కలపండి, జీపీఎస్ ఉంటే ఇంకా మంచిది. నిమిషానికి 60 ఆర్క్ సెకన్లు పరిగెత్తే శకలం విషయంలో గడియారం ఒక్క సెకను తప్పితే స్థానం ఒక ఆర్క్ సెకను తప్పినట్టే.

ఫ్రేములన్నీ నక్షత్రాలకు సరిపెట్టి ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తే శకలం నడుస్తూ కనిపిస్తుంది. ఉపగ్రహమైతే ఒకటి రెండు ఫ్రేముల్లో గీతలా వచ్చి పోతుంది. మోసం చేసేది హాట్ పిక్సెల్, అంటే వెలుతురు పడకపోయినా వెలిగే కెమెరా పిక్సెల్. ట్రాకింగ్ కొంచెం జారుతుంటే అది కూడా నక్షత్రాల మధ్య నిదానంగా నడిచినట్టే ఉంటుంది. మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో డార్క్ ఫ్రేములు తీసుకుని, అసలు ఫ్రేముల్లోంచి సాఫ్ట్‌వేర్‌తో మినహాయిస్తే ఆ బెడద తగ్గుతుంది. శకలం మసగ్గా ఉంటే టైకో ట్రాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో దాని వేగానికి తగ్గట్టు ఫ్రేములు జరిపి కలపండి. నక్షత్రాలు గీతలవుతాయి, శకలం చుక్కగా తేలుతుంది.

కొలతలు పంపడం

ఈ స్థానాలను ప్రపంచమంతటి నుంచీ సేకరించేది అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్. మన పేరు అక్కడ చేరాలంటే ముందు బాగా తెలిసిన శకలాలు కొన్నిటిని కనీసం రెండు రాత్రులు కొలిచి పంపాలి. ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్ ఈ కొలతలు తీసిపెడుతుంది. చూసిన చోటును గుర్తించే అబ్జర్వేటరీ కోడ్ అడిగే చోట మొదటిసారి ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అని పెట్టాలి. కొలతలు నికరంగా ఉన్నాయని వాళ్లకు అనిపిస్తే మీ డాబాకే మూడక్షరాల కోడ్ ఇస్తారు. ఆ కోడ్ మనిషికి కాదు, చోటుకి. ఇల్లు మారి వేరే పేటకు వెళ్తే కొత్త కోడ్‌కు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి.