జనరేటివ్ డిజైన్‌తో మొదటి బ్రాకెట్ ఎలా చేయాలి?

జనరేటివ్ డిజైన్ అంటే, భాగం ఎక్కడ బిగుస్తుందో, ఎంత బరువు మోయాలో మనం చెబితే దాని ఆకారాన్ని సాఫ్ట్‌వేరే తయారుచేయడం. లారీ సైడ్ అద్దాన్ని పట్టుకునే బ్రాకెట్ లాంటి చిన్న భాగంతో మొదలుపెట్టండి. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్డుకు వెళ్తే పాతది ఒకటి దొరుకుతుంది, వెర్నియర్‌తో కొలతలు అక్కడే తీసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఆటోడెస్క్ ఫ్యూజన్ అనుకుందాం. విద్యార్థులకు ఎడ్యుకేషన్ లైసెన్సు ఉచితం.

ముందుగా ఒక మాట, బ్రాకెట్ గీయకండి. బోల్టు రంధ్రాల చుట్టూ రింగులు, అద్దం కూర్చునే చోటు, అంతే గీయండి. జనరేటివ్ డిజైన్ వర్క్‌స్పేస్‌లోకి వెళ్లి వాటిని ప్రిజర్వ్‌గా, అంటే తప్పకుండా ఉండాల్సిన చోట్లుగా, ఎంచుకుంటే ఆకుపచ్చగా మారతాయి.

తర్వాతది ఆబ్‌స్టకిల్, అంటే మెటీరియల్ రాకూడని ఖాళీ, ఇది ఎర్రగా కనిపిస్తుంది. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. బోల్టు ఒక్కటే గీస్తే చాలదు, అది లోపలికి వచ్చే దారి, స్పానర్ తిరిగే చోటు, తలుపు తెరిస్తే తగిలే మేర కూడా గీయాలి, ఎందుకంటే మీరు చెప్పని ఖాళీ ఎక్కడున్నా అక్కడ లోహం పెట్టుకునే హక్కు సాఫ్ట్‌వేర్‌కు ఉన్నట్టే, అప్పుడు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండి బోల్టు బిగించడానికి వీల్లేని ముక్క వస్తుంది.

ఇక బరువులు. అద్దం 10 కిలోలైతే కిందికి సుమారు 100 న్యూటన్లు. గుంతల రోడ్డు కుదుపుకి మూడింతలు, 300 న్యూటన్లు, వేరే లోడ్ కేస్‌గా (విడిగా లెక్కించే బలాల పరిస్థితిగా) ఇవ్వండి, పక్కకి లాగే బలం ఇంకోటి. క్యాబిన్‌కు బిగించే రంధ్రాలను కదలకుండా ఫిక్స్ చేయండి. ఆబ్జెక్టివ్‌లో మినిమైజ్ మాస్ (బరువు తగ్గించడం), సేఫ్టీ ఫ్యాక్టర్ 2, అంటే వచ్చే బలానికి రెట్టింపు తట్టుకునేలా.

తయారీ పద్ధతి దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ (ఏ పరిమితీ లేనిది) ఒక్కటే టిక్ పెడితే చెట్టు వేళ్లలాంటి ఆకారాలు వస్తాయి, వాటిని మామూలు మిల్లింగ్ మిషన్ మీద చెక్కలేరు. అందుకే 3 యాక్సిస్ మిల్లింగ్ (టూల్ మూడు దిశల్లో కదిలి చెక్కేది), రేకు కోయించే ఆలోచన ఉంటే 2 యాక్సిస్ కటింగ్ కూడా పెట్టండి. మెటీరియల్‌గా స్టీలు, అల్యూమినియం రెండూ ఇవ్వండి.

ప్రీ-చెక్ చూసి జనరేట్ నొక్కండి. లెక్క క్లౌడ్‌లో నడుస్తుంది, గంటలు పట్టొచ్చు, ల్యాప్‌టాప్ మూసేసినా పర్లేదు.

ఫలితాల్లో అన్నిటికంటే తేలికైనదాన్ని వెంటనే పట్టుకోకండి. 2018లో జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిలో సీటు బ్రాకెట్ చేసినప్పుడు 150కి పైగా డిజైన్లు వచ్చాయి. ఎంచుకున్న ఒక్కటీ 8 ముక్కల స్థానంలో ఒకే ముక్కగా, 40 శాతం తేలిగ్గా, 20 శాతం బలంగా తేలింది. మీరూ బరువు, స్ట్రెస్ (లోపల పడే ఒత్తిడి) పక్కపక్కనే పెట్టి రెండు మూడు ఎంచి, సిమ్యులేషన్‌లో విడిగా పరీక్షించండి.

ఆ డ్రాయింగ్‌లు మిల్లింగ్ చేసే మేస్త్రీకి చూపించి, ముక్కను ఎన్నిసార్లు తిప్పి బిగించాలో అడగండి. మరీ ఎక్కువంటే తయారీ పద్ధతిలో టూల్ దిశలు (టూల్ ముక్కను చెక్కడానికి వచ్చే వైపులు) తగ్గించి మళ్లీ జనరేట్ నొక్కండి.