చిన్నప్పుడు మెదడు గడ్డకు వైద్యం అయినవాళ్లు గుండెను ఎలా కాచుకోవాలి

ముందు కాగితాలు సంపాదించండి. వైద్యం విశాఖలో జరిగినా, వెల్లూరులో జరిగినా డిశ్చార్జి కాగితం ఒక్కటే చాలదు. ట్రీట్‌మెంట్ సమ్మరీ అడిగి రాయించుకోవాలి. గడ్డ పేరేమిటి, కరెంటు (రేడియేషన్) తలకే పెట్టారా, వెన్నుకు కూడా పెట్టారా, ఎన్ని గ్రేలు (కిరణాల మోతాదుకు కొలత), అందులో గుండెకు చేరిందెంత, ఏ కీమో మందు మొత్తం ఎంత ఎక్కింది: ఇవన్నీ అందులో ఉండాలి. ఈసీజీ కాగితాన్ని లామినేషన్ చేయించకండి, వేడికి నల్లబడిపోతుంది. జిరాక్స్ తీయించి, ఫోనులో ఫోటో కూడా ఉంచుకోండి. తుపాను వస్తే ఇంట్లో కాగితాలు మిగలవు.

మెడుల్లోబ్లాస్టోమా (చిన్నమెదడులో వచ్చే గడ్డ) పిల్లలకు తలతో పాటు వెన్నంతటికీ సాధారణంగా 23.4 లేదా 36 గ్రేలు ఇస్తారు. వెన్నుకు కొట్టిన కిరణం ఛాతీలోంచి ముందుకు పోతుంది, దారిలో గుండె ఉంది. ప్రోటాన్ కిరణాలతో వైద్యమైతే అవి గుండెదాకా దాదాపు రాదు. గుండెకు 15 గ్రేలు చేరి ఉంటే అయిదేళ్లకోసారి, 30 చేరి ఉంటే రెండేళ్లకోసారి ఎకో (గుండె స్కానింగు) తీయించాలి. తలకే కరెంటు పెట్టి, డాక్సోరుబిసిన్ లాంటి గుండెను దెబ్బతీసే కీమో మందులేవీ ఎక్కించనివాళ్లు ఏటా ఎకోకు పెట్టే డబ్బును రక్త పరీక్షలకు పెట్టడం మేలు. ఎందుకంటే వీళ్ల గుండెకు ముప్పు ఎక్కువగా పక్కదారిన వస్తుంది.

ఆ దారుల్లో మొదటిది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. అది దెబ్బతింటే ఎదుగుదల హార్మోను తగ్గి పొట్ట చుట్టూ కొవ్వు, రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతాయి. థైరాయిడ్ కూడా మందగిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. ల్యాబులో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష ఒక్కటే చేసి నార్మల్ అంటారు. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ కనుక, ఆ గ్రంథే పాడైనప్పుడు ఆ అంకెను నమ్మలేం. ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోను పరీక్ష) కూడా రాయించుకోండి. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టే ముందు ఉదయం 8 గంటలకు కార్టిసాల్ (ఒత్తిడిని తట్టుకునే హార్మోను) చూడాలి. అది తక్కువుంటే ముందు ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాయిడ్ మాత్ర. వరస తిరగబడితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది కిడ్నీ. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కినవాళ్లకు కిడ్నీలు కొంత నలిగే ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలవాళ్లయితే మరింత జాగ్రత్త. ఉద్దానం కిడ్నీ జబ్బు మూత్రంలో ప్రోటీను పెద్దగా కనిపించకుండానే ముదురుతుంది. అందుకే ఏటా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) తప్పనిసరి, దానితోపాటు మెగ్నీషియం. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకోవద్దు. కిడ్నీ తగ్గితే బీపీ పెరుగుతుంది, ఆ బరువు గుండె మీద పడుతుంది.

బీపీని ఇంట్లోనే చూసుకోవచ్చు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందునుంచి టీ వద్దు. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాసుకోండి. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ తక్కువ చూపిస్తుంది, లావు చేతికి చిన్నది చుడితే ఎక్కువ. పదమూడేళ్లు దాటాక మళ్లీ మళ్లీ 130/80 కనిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. తలలో షంట్ (మెదడులో నీరు బయటికి పోయేందుకు పెట్టిన గొట్టం) ఉన్నవాళ్లకు తలనొప్పి, వాంతులు వస్తే బీపీ అనుకుని ఆగకండి, న్యూరోసర్జన్ చూడాలి.

బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) కన్నా నడుము కొలతను నమ్మండి. వెన్నుకు కరెంటు పెడితే మొండెం పొట్టిగా ఉండిపోతుంది, బీఎంఐ లెక్క తప్పుతుంది. పెద్దయ్యాక మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఏటా పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్ చూపించండి.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాల ఉప్పు అదనం కాబట్టి అసలు రెండు నెలలు రావాలి. చోడి (రాగి) అంబలి మంచిదే, అందులో ఉప్పు తగ్గించండి. ఇంట్లో ఎవరూ చుట్ట కాల్చకూడదు. నాయనమ్మ అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగినా ఆ పొగ బిడ్డకు చేరుతుంది. పెద్దయ్యాక వారానికి కనీసం 150 నిమిషాలు నడక కావాలి. చిన్నమెదడు దెబ్బతిని తూలేవాళ్లు గట్ల మీద కాకుండా బడి మైదానంలో, తోడుతో నడవాలి.

తలకు పెట్టిన కరెంటు రక్తనాళాలను కూడా ఇరుకు చేస్తుంది, కనుక చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. రక్తనాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూదికి 4.5 గంటలే గడువు. మెదడుకు ఆపరేషన్ అయిందని చెప్పి, ఆ కాగితాలు చేతికివ్వండి. ఆ సూది వేయాలా వద్దా అన్నది అవి చూసే తేలుస్తారు.