టొరంటోలో ఖరీదైన కెనడియన్ రెస్టారెంటుకు వెళ్లే ముందు: బరంపురం వైపు పెద్దలకు

పిల్లలను చూడడానికి టొరంటో వెళ్లిన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పెద్దలను అక్కడి అబ్బాయో అల్లుడో ఒక శనివారం సాయంత్రం నగరం నడిబొడ్డున ఉన్న ఖరీదైన కెనడియన్ రెస్టారెంటుకు తీసుకువెళ్తానంటాడు. అక్కడ కడుపునిండా తింటామా, ఇంటికి వచ్చి పెరుగన్నం కలుపుకుంటామా అన్నది చాలావరకు బయలుదేరక ముందే తేలిపోతుంది. అందువల్ల మెనూను ఇంట్లోనే, రెస్టారెంటు వెబ్‌సైటులో, తీరిగ్గా చదివి పెట్టుకోవాలి.

ముందుగా బల్ల బుక్ చేయాలి. వారాంతాల్లో అప్పటికప్పుడు వెళ్తే చోటు దొరకడం కష్టం. చాలాచోట్ల క్రెడిట్ కార్డు నంబరు తీసుకుని, చెప్పకుండా మానేస్తే మనిషికింత అని రుసుము వసూలు చేస్తారు. తేదీ ఖాయం చేసేది పిల్లలే కాబట్టి మాంసం ముట్టని కార్తీకంలోని పంచుక రోజులు, మార్గశిర లక్ష్మీవారాలు ఎప్పుడు పడుతున్నాయో వాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిది. సాయంత్రం అయిదున్నర, ఆరు గంటల వేళ అడిగితే రద్దీ తక్కువగా ఉంటుంది, సందేహాలు అడిగితే ఓపికగా జవాబు చెప్పే తీరికా వాళ్లకు ఉంటుంది.

సమకాలీన కెనడియన్ వంట అంటే ఆ దేశపు సరుకును ఎక్కువగా ఫ్రెంచి పద్ధతుల్లో వండి, వలస వచ్చిన జనాల రుచులు కూడా కొంత కలిపి వడ్డించడమని స్థూలంగా చెప్పవచ్చు. టొరంటోలో టీడీ బ్యాంకు టవర్ 54వ అంతస్తులో 1995లో మొదలైన కనూ ఈ తరహాకు పేరుపొందిన రెస్టారెంటు. ఇలాంటి చోట్ల మెనూలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఆయిస్టర్లు (సముద్రపు గుల్లలు), పసిఫిక్ సాల్మన్ చేప, ఆల్బర్టా బీఫ్, బైసన్ (అడవిదున్న లాంటి జంతువు) మాంసం, బాతు, క్యూబెక్ చీజులు తరచుగా కనిపిస్తాయి. ఆయిస్టర్లను మంచు మీద పచ్చిగానే పెడతారు కనుక వయసు మళ్లినవారు వాటి జోలికి పోకపోవడమే క్షేమం. గొర్రె మాంసాన్నీ బాతునూ లోపల గులాబీ రంగు పోకుండా వండడం అక్కడి పద్ధతి. మనవాళ్లకు అది ఉడకనట్టే అనిపిస్తుంది కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడే ‘వెల్ డన్’ అని చెప్పాలి.

శాకాహారులు, బీఫ్ తినని మాంసాహారులు అసలు జాగ్రత్త పడవలసింది పేరులో కనిపించని వాటి విషయంలో. పూటీన్ అనే వంటకం చూపుకు బంగాళాదుంప వేపుడు, చీజు ముక్కలే గాని, దాని మీద పోసే గ్రేవీని సాధారణంగా కోడి ఎముకలు గాని, ఎద్దు ఎముకలు గాని మరిగించిన రసంతో చేస్తారు. కొన్నిచోట్ల దుంపలను బాతు కొవ్వులోనో ఎద్దు కొవ్వులోనో వేయిస్తారు. సీజర్ సలాడ్ ఆకుకూరే అయినా దాని డ్రెస్సింగులో ఆంకోవీ అనే చిన్న చేప పడుతుంది. సీజర్ పేరుతోనే ఉన్న కాక్‌టెయిల్‌లో క్లామ్ అనే సముద్రపు గుల్ల రసం కలుస్తుంది. బటర్ టార్ట్ అనే మిఠాయి పైపొరలో పందికొవ్వు వాడేవాళ్లు ఉన్నారు. వైల్డ్ రైస్ చెరువుల్లో పెరిగే ఒక గడ్డి గింజ. నల్లగా పొడవుగా ఉంటుంది, కోరాపుట్ కాలాజీర బియ్యపు సువాసన దానికి లేదు, పైగా దాన్ని కోడి రసంలో ఉడికించడమూ ఉంది.

‘వెజిటేరియన్’ అంటే చాలదు, ఎందుకంటే అక్కడ ఆ మాటలో గుడ్డు కూడా చేరుతుంది. ‘వీగన్’ అన్నారా, వెన్న, పాలు, పెరుగు కూడా తీసేస్తారు. బుక్ చేసేటప్పుడు ఒకసారి, కూర్చున్నాక మరొకసారి ‘నో మీట్, నో ఫిష్, నో ఎగ్స్, నో మీట్ స్టాక్, నో యానిమల్ ఫ్యాట్, బటర్ అండ్ మిల్క్ ఆర్ ఓకే’ అని విడివిడిగా చెప్పడం మేలు. ముందు రోజే తెలిస్తే వంటగదివాళ్లు ప్రత్యేకంగా ఏదైనా చేసి పెట్టగలరు. బల్ల దగ్గర చెబితే కూరగాయల పళ్లెంతో సరిపెట్టుకోవలసి రావచ్చు.

కారం తక్కువ. సాల్మన్ మీదా క్యారెట్ మీదా మేపుల్ సిరప్ పోస్తారు కాబట్టి కూరలోనూ తీపి తగులుతుంది. సుమారు 40 లీటర్ల చెట్టు రసాన్ని మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుందని తెలిస్తే, ఆ తీపిని వాళ్లు అంత అపురూపంగా ఎందుకు వాడతారో అర్థమవుతుంది. అయినా సరే, సంచిలోంచి ఆవకాయ సీసా మాత్రం తీయవద్దు. కారపు సాస్ అడిగితే ఇస్తారు.

చలికాలపు కోటును గుమ్మం దగ్గరే అప్పగించాలి. మంచినీళ్లు కావాలంటే ‘ట్యాప్ వాటర్’ అనండి, దానికి డబ్బు పడదు. లేకపోతే సీసా నీళ్లు తెచ్చి బిల్లులో చేర్చవచ్చు. ఫోర్కును, కత్తిని పక్కపక్కన ఆనించి పెడితే తినడం ముగిసిందని పళ్లెం తీసుకుపోతారు. ఇంకా తింటూ ఉంటే వాటిని ఎడంగా ఉంచాలి. రొట్టెను చేత్తోనే తుంచుకోవచ్చు. పళ్లెంలో వడ్డన కొంచెమే ఉంటుంది కనుక, పంచుకుని తినే మెనూ అయితే మనిషికి ఎన్ని వంటకాలు చెప్పాలో వడ్డించేవాళ్లనే అడగాలి. మిగిలినది డబ్బాలో పెట్టి ఇమ్మనడం అక్కడ నామోషీ కాదు.

మెనూలో రాసిన ధర మీరు కట్టే ధర కాదు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో దానిమీద 13 శాతం పన్ను పడుతుంది. ఆపైన 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. చట్టం బలవంతం లేకపోయినా, వడ్డన బాగున్నప్పుడు ఇవ్వకపోతే అవమానించినట్టే భావిస్తారు. మన హోటళ్లలో పళ్లెంలో చిల్లర వదిలే లెక్క అక్కడ చెల్లదు. కార్డు యంత్రం బల్ల దగ్గరికే వస్తుంది, శాతాలు తెర మీద చూపిస్తుంది. చాలా యంత్రాలు ఆ శాతాన్ని పన్ను కలిపిన మొత్తం మీద లెక్కగడతాయి: 100 డాలర్ల భోజనానికి పన్నుతో 113 అవుతుంది, దానిమీద 18 శాతం అంటే 20.34, మొత్తం 133.34. పన్నుకు ముందరి ధర మీదే ఇవ్వాలనుకుంటే సొంతంగా 18 డాలర్లు అని నొక్కవచ్చు, అప్పుడు 131తో సరిపోతుంది. మందిగా వెళ్తే టిప్పును ముందే బిల్లులో వేసి ఉంచే రెస్టారెంట్లు ఉన్నాయి, కనుక మళ్లీ ఇచ్చే ముందు కాగితం చదవాలి. పక్క రాష్ట్రమైన క్యూబెక్‌లో మాత్రం 2025 మే 7 నుంచి యంత్రం సూచించే టిప్పును పన్నుకు ముందరి ధర మీదే లెక్కించాలన్న నియమం వచ్చింది. అక్కడ రెండు పన్నులు కలిపి దాదాపు 15 శాతం అవుతాయి.